గోల్ కొట్టినంత సులువు కాదు కొట్టించడం

"మా గుంట గోల్స్ బాగా కొడతాది మేస్టారూ. ఆట మానేసినాక కోచ్ ఉజ్జోగం ఒస్తాది కదేటి?"

విజయనగరంలో మైదానం గేటు పక్క టీ బండి దగ్గర ఒకాయన అడిగాడు. జూట్ మిల్లులో చేసి మానేసిన మనిషి. కూతురు పదో తరగతి, జట్టులో తొమ్మిదో నంబరు, అంటే ముందుండి గోల్స్ కొట్టే స్ట్రైకర్. నేను డ్రిల్లు మేస్టార్ని కాను, తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఫుట్‌బాల్ పిచ్చి ఉందని ఊళ్లో తెలుసు గనక ఇలాంటివి నా దాకా వస్తాయి. "ఎందుకు రాదండీ" అనేస్తే టీ చల్లారకముందే కబురు ముగిసేది. అనలేకపోయాను.

ఆయన ఒక్క ప్రశ్నే అడిగాననుకున్నాడు గానీ అందులో మూడున్నాయి. బాగా ఆడటం ఒకటి. ఆట నేర్పడం ఇంకొకటి. నేర్పినందుకు నెల తిరిగేసరికి చేతిలో జీతం పడటం మూడోది. మొదటిది వస్తే మిగతా రెండూ వెనకాలే నడిచొస్తాయని మన నమ్మకం. అలా రావు. ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరడానికి మధ్యలో మెట్లుండాలి. స్ట్రైకర్‌కి ఆ మెట్లు మరీ ఎత్తు.

పెల్లె అనే పేరుతో

ఈ చిక్కుముడికి నేను పట్టుకునే కొస పియా సుంద్‌హాగె, స్ట్రైకర్‌గా ఆడి తర్వాత కోచ్ అయిన స్వీడన్ మనిషి. 1960 ఫిబ్రవరి 13న స్వీడన్‌లోని ఉల్రిసెహాంలో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ల దగ్గర ఆడపిల్లలకి జట్టు లేదు. మగపిల్లల జట్టు కోచ్ ఒకాయన ఆమె ఆట చూసి ముచ్చటపడి, పేరు 'పెల్లె' అని రాసుకుని ఆడనిచ్చాడు. పెల్లె అక్కడ మగపిల్లాడి పేరు. మనకీ ఇది వింతేం కాదు. క్రాఫు కొట్టించుకుని, అన్న చొక్కా వేసుకుని మగపిల్లల్లో కలిసి ఆడిన గుంటల్ని నేనూ చూశాను. కాకపోతే పెల్లెకి పదిహేనేళ్లు వచ్చేసరికి, 1975లో, జాతీయ జట్టు పిలుపొచ్చింది.

అప్పటి రోజులు ఎలాంటివో కాస్త చెప్పాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921లో తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ల మ్యాచులు ఆపేసి, యాభై ఏళ్ల దాకా తలుపు తియ్యలేదు. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 వరకు అదే కథ. బ్రెజిల్‌లోనైతే 1941 నుంచి 1979 దాకా ప్రభుత్వమే నిషేధించింది. ఆ తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలంలో సుంద్‌హాగె ఆడింది. 1984లో ఐరోపా మహిళల తొలి టోర్నీ పెడితే, ఒక్కో సగం 45 నిమిషాలు కాదు, 35. బంతి కూడా నాలుగో సైజు, అంటే పిల్లలకిచ్చేది. ఆడవాళ్లు అంతకు మించి తట్టుకోలేరని పెద్దల అంచనా కాబోలు. ఫైనల్ రెండు మ్యాచులుగా జరిగింది. గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ 1-0తో గెలిచింది, గోల్ సుంద్‌హాగెది. ఇంగ్లండ్‌లోని లూటన్‌లో, అడుగు తీసి అడుగు వెయ్యలేని బురదలో, ఇంగ్లండ్ 1-0తో గెలిచి లెక్క సరిచేసింది. పెనాల్టీల్లో స్వీడన్ 4-3. గెలిపించిన చివరి పెనాల్టీ మళ్లీ ఆమెదే.

దేశానికి 146 మ్యాచులు, 71 గోల్స్. మధ్యలో ఇటలీ వెళ్లి లాజియోకి ఆడింది. 1988లో ఆమె బొమ్మతో స్వీడన్ తపాలా బిళ్ల వచ్చింది. 1991లో చైనాలో జరిగిన తొలి మహిళల ప్రపంచ కప్‌లో స్వీడన్‌ది మూడో స్థానం. 1996 అట్లాంటా ఒలింపిక్స్ తర్వాత జాతీయ జట్టు చొక్కా విప్పేసింది. ఇంతటి మనిషికి మర్నాడే పెద్ద కోచ్ పదవి రావాలి కదా. రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు స్ట్రైకర్ చేసే పనేమిటో దగ్గరగా చూడాలి.

కాలికి తెలిసింది నోటికి రాదు

తొంభై నిమిషాల ఆటలో స్ట్రైకర్ కాలికి బంతి తగిలే సమయం లెక్కేస్తే చాలా కొంచెం. మిగతా సేపంతా ఆమె చేసేది నడక, ఆగడం, పక్కకి జరగడం, ఉన్నట్టుండి పరుగు. గట్టు మీద కూర్చున్నవాళ్లకి అది ఖాళీగా తిరగడంలా ఉంటుంది. "పరిగెత్తవే!" అని అరుస్తారు. అసలు పని అప్పుడే జరుగుతోందని వాళ్లకి తెలీదు. డిఫెండర్‌కి ఉన్నవి రెండు కళ్లే. బంతినీ తననీ ఒకేసారి చూడలేని చోటు ఏదో కనిపెట్టి అక్కడ నిలబడటమే స్ట్రైకర్ విద్యలో సగం. మిగతా సగం ఆ చోటు నుంచి ఎప్పుడు కదలాలో తెలియడం. అరక్షణం ముందు కదిలితే, డిఫెండర్లని ముందే దాటేసిందని ఆఫ్‌సైడు జెండా లేస్తుంది. అరక్షణం ఆలస్యమైతే బంతి గోల్‌కీపర్ చేతుల్లో ఉంటుంది.

ఇది ఏ స్ట్రైకర్ కూడా మాటల్లో నేర్చుకోదు. వందల సార్లు తప్పి, వంటికి పట్టించుకుంటుంది. చిక్కంతా అక్కడే. వంటికి పట్టినదాన్ని మళ్లీ మాటల్లోకి తేవడం మహా కష్టం. ఆవకాయలో ఉప్పెంత వెయ్యాలో మా అమ్మనడిగితే "చూసుకుని వెయ్యి" అనేది. ఆమె చేతికి కొలత తెలుసు, నోటికి తెలీదు. గోల్‌కీపరూ డిఫెండరూ ఆటంతా అరుస్తూనే ఉంటారు. ఎడమకి రా, లైను పట్టు, వదలకు. చెప్పడం వాళ్ల పనిలో భాగం. మిడ్‌ఫీల్డర్‌కి నాలుగు వైపులా కనబడుతుంది. స్ట్రైకర్ చాలాసార్లు గోల్‌కి వీపు పెట్టి, జట్టుకి దూరంగా ఒంటరిగా ఆడుతుంది. నోరు విప్పే అలవాటూ తక్కువ, ఆటంతటినీ ఒక చూపులో చూసే వీలూ తక్కువ. ఇది నా లెక్క. స్ట్రైకర్లెవరైనా కాదంటే వాదనకి సిద్ధమే.

మా ఊరి మైదానంలో ఓ మేడం ఉంది. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి ఆడిన స్ట్రైకర్, ఇప్పుడు పొద్దున్నే ఇరవై మంది పిల్లలకి నేర్పుతోంది. మొదట్లో ఆమె నేర్పడం చూస్తే జాలేసేది. పిల్ల తప్పు చెయ్యగానే "అలా కాదు, ఇలా" అని తనే బంతి లాక్కుని గోల్ కొట్టేసేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మళ్లీ వాళ్ల వంతు వస్తే అదే తప్పు. ఆరు నెలలు ఇదే తంతు.

ఒకరోజు ఆమె బంతి పక్కన పడేసి పిల్లల్ని కూర్చోబెట్టింది. "సిరిమాను నాడు మూడు లాంతర్ల కాడ జనంలోంచి ఎలాగ ముందుకెల్తావు? సందు కనబడినప్పుడు దూరతావా?"

"దూరతాం మేడం."

"దూరేలోగా మూసుకుపోద్ది. మాను తిరిగినప్పుడు జనం అందరూ తలెత్తి అటే సూస్తారు కదా. అప్పుడు సందు ఎక్కడొస్తాదో ముందే కనిపెట్టి ఆ పక్కన నిలబడాల. డిఫెండర్ కూడా అంతే. బంతి ఎటెల్తే అటే సూస్తాది. అది సూసేటప్పుడు నువ్వు దాని వీపెనక్కి జారిపో."

పైడితల్లమ్మ జాతరలో ఇరుక్కోని పిల్ల విజయనగరంలో ఉండదు. ఆ రోజు తొమ్మిదో నంబరు గుంట, టీ బండి దగ్గర మాట్లాడినాయన కూతురే, డిఫెండర్ వీపు వెనక నుంచి జారిపోయి బంతందుకుంది. గోల్ పైనుంచి కొట్టేసింది, అది వేరే సంగతి. మేడం ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆమె కోచ్ అయింది ఆ పూటే అని నేనంటాను. చేతిలో ఏ సర్టిఫికెట్ ఉన్నా, దానికి ముందు ఆమె బాగా ఆడే మనిషి, అంతే.

పదిహేనేళ్ల అప్రెంటిస్

సుంద్‌హాగె దగ్గరికి మళ్లీ వద్దాం. 1992లో ఆమె ఇంకా ఆడుతూండగానే స్టాక్‌హోంలోని హమ్మర్బీ క్లబ్బులో ప్లేయర్-కోచ్ అయింది. అంటే ఆడుతూనే నేర్పాలి. తను కొట్టే గోల్ ఎలా కొడుతోందో తనే గమనించుకుని పక్కవాళ్లకి చెప్పాలి. కాలికి తెలిసినదాన్ని నోటికి నేర్పే బడి అంటే అదే. తర్వాత స్వీడన్‌లోనే వేరే క్లబ్బుల్లో చేసింది. అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ లీగ్ పెట్టాక ఫిలడెల్ఫియా జట్టులో సహాయ కోచ్‌గా చేరింది. 2003లో బోస్టన్ జట్టుకి ప్రధాన కోచ్ అయి, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ కోచ్ అనిపించుకుంది. ఆ వెంటనే డబ్బుల్లేక లీగే మూతపడింది. మళ్లీ మొదటికొచ్చింది. నార్వేలో కోల్‌బోట్న్, స్వీడన్‌లో ఓరెబ్రో. 2007 ప్రపంచ కప్‌కి చైనా జట్టులో సహాయ కోచ్.

1992 నుంచి 2007. పదిహేనేళ్లు. ఇందులో పేపర్లో పెద్దక్షరాల్లో వేసే వార్త ఒక్కటీ లేదు. కెరీర్ల గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నన్నడిగితే అసలు కథంతా ఇక్కడే ఉంది. సహాయ కోచ్‌గా ఉన్నప్పుడు ఓడితే తిట్లు వేరేవాళ్లకి పడతాయి, పాఠం మాత్రం మనకీ దక్కుతుంది. నాలుగు దేశాలు, రకరకాల భాషలు. చైనా పిల్లలకి స్వీడిష్ రాదు, ఈమెకి చైనీస్ రాదు. మాట ఎంత పొదుపుగా వాడాలో అక్కడ తెలుస్తుంది.

2007 చివర్లో అమెరికా జట్టు పిలిచింది. ఆ జట్టప్పుడు ముక్కలై ఉంది. ఆ ఏటి ప్రపంచ కప్ సెమీఫైనల్లో కోచ్ ఉన్నట్టుండి గోల్‌కీపర్ హోప్ సోలోని కూర్చోబెట్టి వేరొకరిని దింపాడు. బ్రెజిల్ చేతిలో 4-0తో చిత్తయ్యారు. తనుంటే ఆ గోల్స్ ఆపేదాన్నని సోలో కెమెరాల ముందే అనేసింది. జట్టు ఆమెని వెలేసింది. అలాంటి గదిలోకి సుంద్‌హాగె గిటార్ పట్టుకుని వెళ్లి, కాలం మారుతోందని చెప్పే అమెరికన్ పాత పాటొకటి పాడింది. ముందు తెల్లబోయారు, తర్వాత నవ్వారు. సోలో మళ్లీ గోల్‌లో నిలబడింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి కొద్ది రోజుల ముందు జట్టు ప్రధాన స్ట్రైకర్ అబీ వాంబాక్ కాలు విరిగింది. మొదటి మ్యాచ్‌లో నార్వే నాలుగు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. అయినా ఫైనల్లో బ్రెజిల్‌ని అదనపు సమయంలో 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చుకున్నారు. గోల్ కొట్టిన కార్లీ లాయిడ్ మిడ్‌ఫీల్డర్. గొప్ప స్ట్రైకర్ కోచ్ అయ్యాక, తన మొదటి పెద్ద పతకం స్ట్రైకర్ లేకుండా గెలవాల్సి రావడం నాకెందుకో భలే అనిపిస్తుంది.

2011 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, డ్రెస్డెన్. మళ్లీ బ్రెజిల్. అమెరికా పది మందితో ఆడుతూ 2-1తో వెనకబడింది. 122వ నిమిషం. ఎడమ అంచు నుంచి మేగన్ రాపినో పొడుగ్గా కొట్టిన బంతికి దూరపు పోస్టు దగ్గర వాంబాక్ తల ఆనించింది. 2-2. పెనాల్టీల్లో గెలుపు. వాంబాక్ తలనే అందరూ గుర్తుపెట్టుకుంటారు. నేను చూసేది రాపినోని. ఆమె ఆ మ్యాచ్‌లో మొదట బెంచీ మీదుంది, రెండో సగంలో దిగింది. అంతకుముందు మొదటి పదకొండులో ఉండే మనిషిని కూర్చోబెట్టి, అలసిన డిఫెండర్ల మీదికి తాజా కాళ్లతో వదలడం సుంద్‌హాగె లెక్క. తనే ఆడుతుంటే ఆ చోటికి పరిగెత్తి తనే తల పెట్టేది. కోచ్‌గా చెయ్యగలిగిందల్లా బంతి అక్కడికి వచ్చే ఏర్పాటు ముందుగా చేసి, చేతులు కట్టుకుని నిలబడటం. ఫైనల్లో జపాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో, వెంబ్లీలో 80,203 మంది ముందు, అదే జపాన్‌ని 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. ఫిఫా ఆమెని 2012 ఉత్తమ కోచ్‌గా ఎంచింది.

తర్వాతి ఘట్టం మరీ రుచిగా ఉంటుంది. సొంత దేశం స్వీడన్‌కి కోచ్‌గా వెళ్లి, 2016 ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో తన పాత జట్టు అమెరికాకే ఎదురు నిలిచింది. జీవితమంతా గోల్స్ కొట్టిన మనిషి, ఆ రోజు జట్టుని వెనక్కి లాగి గోడ కట్టించింది. దొరికిన ఒక ఎదురుదాడిలో స్టీనా బ్లాక్‌స్టేనియస్ గోల్ కొట్టింది. ఆమె కూడా సబ్‌స్టిట్యూటే. 1-1 అయ్యాక పెనాల్టీల్లో స్వీడన్ 4-3. ఓడిన కోపంలో సోలో స్వీడన్ వాళ్లని పిరికిపందలంది. సుంద్‌హాగె, గెలిచేటప్పుడు పిరికితనం ఫరవాలేదని నవ్వేసింది. సెమీస్‌లో బ్రెజిల్‌ని కూడా వాళ్ల మారకానా స్టేడియంలోనే పెనాల్టీల్లో ఇంటికి పంపి, ఫైనల్లో జర్మనీకి 2-1తో తలవంచి రజతం తెచ్చుకున్నారు.

ఆ పైన అన్నీ పూలే పడలేదు. 2019లో బ్రెజిల్ వెళ్లింది, 2022లో దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికా గెలిపించింది. 2023 ప్రపంచ కప్‌లో జమైకాతో 0-0 చేసుకుని గ్రూపు దశలోనే ఇంటికి. బ్రెజిల్‌కి 1995 తర్వాత అలా జరగడం అదే మొదలు. ఉద్యోగం పోయింది. తర్వాత స్విట్జర్లాండ్ జట్టుని 2025 యూరో క్వార్టర్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది.

మన మెట్లు

ఇప్పుడు టీ బండి దగ్గరికి. ఆయన కూతురికి ఆ పదిహేనేళ్లు ఎక్కడ దొరుకుతాయి?

కాగితం మీద దారి లేకపోలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్స్ కింది మెట్లలో ఒకటి. ఆపైన ఆసియా సమాఖ్య గుర్తించే సి, బి, ఎ, అన్నిటికన్నా పైన ప్రో. డి కోర్సు వారం లోపే అయిపోతుంది. పైకెళ్లే కొద్దీ రోజులూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏదో ఒక జట్టుతో పనిచేసి చూపించాలి. అక్కడ బండి ఆగుతుంది. జట్టు దొరకాలంటే లైసెన్స్ ఉండాలంటారు. పై లైసెన్స్ కావాలంటే జట్టుతో చేసి ఉండాలంటారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

ఇంకో దారి పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా. ఇంకోటి బీపీఈడీ చదివి పీఈటీ, అంటే బళ్లో డ్రిల్లు మేస్టారు, అవడం. ఈ చివరిదాన్ని తీసిపారెయ్యడానికి లేదు. భారత ఫుట్‌బాల్ చూసిన గొప్ప కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చూపించిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులే. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం ఆయన రోజూ చేసే పని.

మన తల్లిదండ్రులు చూసేది మాత్రం నాలుగో దారిని, క్రీడా కోటాని. తప్పు పట్టను. రాష్ట్రంలో ఆ కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులుంటే 421 క్రీడాకారులకి కేటాయించారు. ఇంట్లో ఒక జీతం వస్తుందంటే ఎవరు కాదంటారు? కానీ గమనించండి. ఆ దారిలో వెళ్లిన స్ట్రైకర్ ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు, అయి, ఏజెన్సీలో ఏ మారుమూల బడిలోనో ఎక్కాలు చెబుతుంది. ఆమె గోల్స్‌కి ఫలం దక్కింది, సంతోషమే. ఆమె కాలికి తెలిసిన విద్య మాత్రం ఆమెతోనే ఆగిపోయింది. ఉద్యోగం ఆటకి బహుమతిగా వచ్చింది గానీ ఆటని ఇంకొకరికి అందించడానికి రాలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని మన విధానాలు రాసేవాళ్లకి ఇంకా తట్టినట్టు లేదు.

దేశంలో పరిస్థితి కొంత కదులుతోంది. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కి వేరే సమాఖ్య పెట్టుకున్న రోజుల్లో మన జట్టు ఆసియాలో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మహిళల లీగ్ 2017లో గానీ మొదలవలేదు. అదే ఏడాది ఒకప్పటి క్రీడాకారిణి మేమోల్ రాకీకి సీనియర్ జట్టు పగ్గాలిచ్చారు. మణిపూర్ స్ట్రైకర్ బాలా దేవి 2020లో స్కాట్లాండ్ రేంజర్స్‌కి సంతకం చేసేనాటికి మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగి. మన పక్క తెలంగాణలో, నిజామాబాద్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్లింది. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయిలాండ్‌ని 2-1తో ఓడించి మన జట్టు 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడి జట్లు మహిళల లీగ్ గెలిచాయి. ఆ సరిహద్దు రైల్లో రెండు మూడు గంటల దూరమే. మన వైపు ఆ గాలి ఇంకా వీచలేదు.

బరువులెత్తిన ఊళ్లు ఏం చేశాయి

మనవాళ్లకి చేతకాదని మాత్రం ఎవరూ అనకండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. విజయనగరం పక్కన నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఊరి పేరు చెబితేనే వెయిట్‌లిఫ్టింగ్ గుర్తొస్తుంది. మత్స సంతోషి ఆ ఊరి పిల్లే, 2014 కామన్వెల్త్ పతకం తెచ్చింది.

బరువులు పండిన నేలలో బంతి ఎందుకు పండలేదు? డబ్బు, ఆసక్తి అంటారు. నాకు తోచింది వేరు. మల్లీశ్వరిని తీర్చిన నీలంశెట్టి అప్పన్న ఊళ్లో ఉన్న గురువు. ఆమె అక్క కూడా లిఫ్టరే. అలాంటి ఊళ్లలో ఒక బార్, నాలుగు ప్లేట్లు, ఒక పాక చాలు. పొద్దున్నే చోడంబలి తాగి వచ్చిన పెద్ద పిల్ల తన వంతు ఎత్తి దిగాక, చిన్నదాని నడుము పట్టుకుని "వంగకు, మోకాలు బయటికి" అంటుంది. ఎవరూ ఆమెకి సహాయ కోచ్ అని పేరు పెట్టలేదు, కానీ పని అదే. హమ్మర్బీలో సుంద్‌హాగె చేసిందీ అదే. ఆ మధ్య మెట్టు బరువుల పాకలో దానంతటదే ఏర్పడింది.

ఫుట్‌బాల్‌కి ఇరవై రెండు మంది కావాలి, మైదానం కావాలి, వారం వారం మ్యాచులు కావాలి. మన పిల్లలకి మ్యాచులంటే స్కూల్ గేమ్స్ సెలక్షన్లు, జిల్లా, రాష్ట్రం, మళ్లీ ఏడాది ఆగాలి. ఇంటర్ అయ్యాక జట్టే ఉండదు. పద్దెనిమిదేళ్లకి ఆగిపోయిన స్ట్రైకర్ ఎవరి పక్కన నిలబడి నేర్పడం నేర్చుకుంటుంది? ఆ వయసుకే పెళ్లి మాటలు మొదలవుతాయి, దాని గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

కాబట్టి సర్టిఫికెట్ కన్నా ముందు కావలసింది ఆ మధ్య మెట్టు. ప్రతి జట్టులోనూ ఇంటర్ దాటిన ఇద్దరు ముగ్గురు పాత ప్లేయర్లకి బస్సు చార్జీలూ టిఫినూ ఇచ్చి వారంలో మూడు పూటలు చిన్న పిల్లల్ని అప్పజెప్పడం. దీనికి స్టేడియం అక్కర్లేదు. నేర్పవలసిన మొదటి పాఠం కూడా ఖరీదైంది కాదు. ఆడపిల్లల్లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం మగవాళ్ల కన్నా రెండు రెట్లకు పైనే. దాన్ని తగ్గించడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా తయారుచేసిన వార్మప్ వరస ఇరవై నిమిషాలది, ప్రత్యేకంగా సామానేదీ అక్కర్లేదు. దూకి దిగినప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా చూసే కన్ను ఒకటి ఉంటే చాలు. పందొమ్మిదేళ్ల అమ్మాయి వారంలో నేర్చుకోగలదు.

ఆడవాళ్లు కోచ్‌లైతే గెలవగలరా అన్న అనుమానం ఇంకా ఉన్నవాళ్లకి ఒక లెక్క. 2023 మహిళల ప్రపంచ కప్‌లో 32 జట్లుంటే 12 జట్లకే మహిళా కోచ్‌లు. అయినా 2003, 2007, 2015, 2019 కప్పులు మహిళా కోచ్‌ల జట్లవే. 2004 ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అమెరికా కోచ్ ఏప్రిల్ హెన్రిక్స్ కూడా ఒకప్పటి స్ట్రైకరే. ఇటలీ స్ట్రైకర్ కరోలీనా మోరాచే 1999లో విటెర్బేసే అనే మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టుకే కోచ్ అయింది.

ఆ తండ్రికి ఇంత చెప్పలేదు. "ఇప్పట్నుంచీ చిన్నపిల్లలకి నేర్పడం మొదలెట్టమనండి, ఆట మానేదాకా ఆగొద్దు" అన్నాను. ఆయన మొహంలో నిరాశ. ఉద్యోగం గురించడిగితే పని చెప్పానని.

మొన్న ఆదివారం మైదానానికెళ్తే తొమ్మిదో నంబరు గుంట మెడలో విజిలుంది. ఎదురుగా ఆరో తరగతి పిల్లలు ఎనిమిది మంది, కోనులకి బదులు చెప్పులు వరసగా పెట్టి. ఒక చిన్నది డిఫెండర్ ముందుకే పరిగెడుతోంది. ఈమె గబగబా వెళ్లి బంతి లాక్కుని "ఇదిగో, ఇలా ఎల్లవే" అంటూ కాలెత్తింది.

గోల్‌పోస్టు దగ్గర వల ముడేస్తున్న మేడం తలెత్తకుండానే కేకేసింది. "సూపించకు. సెప్పు."

గుంట బంతి మీద కాలుంచి ఆగిపోయింది. చిన్నది ఆమె నోటి వంక చూస్తోంది.